రాచవారి ప్రేమకథ – ఒక తెలుగు పంతులు మనవి



ఈ టపా కొంచెం ఘాటుగా ఉంటుంది. ముందుగా క్షమాపణ చెప్పుకోవడం మర్యాద గనుక చెప్పుకొంటున్నాను. అయితే ఇందులోని మాట ఒక్కటి కూడా వెనక్కి తీసుకోబోవడం లేదని కూడా ముందే మనవి చేస్తున్నాను.

సంక్రాంతికి వచ్చిన మా మేనకోడలు తిరుగు ప్రయాణపు తొందరలో ఒక ఇంగ్లీషు నవలను పడకకుర్చీలో మరచిపోయింది. ఫోను చేస్తే, "ఉండనీ మావయ్యా, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటాలే. ఈలోగా నువ్వూ చదువు" అంది. దాని పేరు "రెడ్, వైట్ అండ్ రాయల్ బ్లూ". రాసినవారు కేసీ మెక్విస్టన్ అనే అమెరికన్ రచయిత. 2019లో అచ్చయింది, 2023లో చలనచిత్రంగా వచ్చింది. నాది భాషాప్రవీణ చదువు, ఆపైన పండిత శిక్షణ. ఇంగ్లీషు నవల చేతపట్టిన సందర్భాలు నా జన్మలో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. నిఘంటువు పక్కన పెట్టుకొని, రోజుకు ఇరవై పేజీల చొప్పున చదివితే మూడు వారాలు పట్టింది.

ఆ మూడు వారాల నడుమ ఒక సాయంకాలం నా సహాధ్యాయి, నాలాగే విశ్రాంత తెలుగు పండితుడు, మా ఇంటికి వచ్చాడు. పుస్తకం అట్ట చూశాడు. కథేమిటో ఎక్కడో విని ఉన్నాడు. "ఈ వయసులో నీకిదేం చదువయ్యా? రేపు పిల్లలకి ఏం చెబుతావు?" అన్నాడు. ఆపైన వరుసగా నాలుగు ఆక్షేపణలు చేశాడు: ఇది సాహిత్యం కాదు, కాలక్షేపం. ఇందులో అశ్లీలముంది. ఇది మన సంస్కృతి కాదు. నాలుగోది, అన్నిటికన్నా బలమైనది: "రాజులు పోయి ఇంత కాలమైనా రాజకుమారుడి మీద మోజు పోలేదా? ఆ మేడకు రాళ్ళెత్తినవాడి కథ ఎవరికీ అక్కర్లేదా?"

ఆ రోజు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను. ఈ ఆక్షేపణలు మా మిత్రుడివి మాత్రమే కావు. నలభై ఏళ్ళపాటు ఉపాధ్యాయుల గదుల్లో, సాహిత్య సభల్లో ఇవే మాటలు విన్నాను. చాలాసార్లు నేనే అన్నాను.

ముందు కథ చెబుతాను. అమెరికా అధ్యక్షపీఠం మీద ఒక మహిళ కూర్చున్నట్లు రచయిత ఊహించారు. ఆమె కొడుకు అలెక్స్. ఇంగ్లండు రాణిగారి మనుమడు హెన్రీ. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గిట్టదు. హెన్రీ అన్నగారి పెళ్ళివిందులో వీరిద్దరి తగవు ముదిరి నిలువెత్తు కేకు కాస్తా నేలపాలవుతుంది. రెండు దేశాల పరువు కాపాడడానికి, వీరిద్దరూ ప్రాణమిత్రులని లోకాన్ని నమ్మించే భారం ఇరువైపుల అధికారులూ తలకెత్తుకుంటారు. నటనగా మొదలైన స్నేహం నిజమవుతుంది, స్నేహం ప్రేమవుతుంది. ఔను, ఇద్దరు యువకుల నడుమ ప్రేమ. దూరదేశాల్లో ఉన్నవారు గనుక ఈమెయిళ్ళలో లేఖలు రాసుకుంటారు. ఎన్నికల వేళ ప్రత్యర్థి పక్షంవారు ఆ లేఖలను దొంగిలించి పత్రికలకెక్కిస్తారు. తరువాత ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. రాచప్రేమకథలు మంగళాంతాలే గదా.

ఇక మొదటి ఆక్షేపణ. కాలక్షేపమట! "వసుచరిత్ర" రాసిన రామరాజభూషణుడు దానిని తిరుమల దేవరాయలకు అంకితమిచ్చాడు. పెద్దన మనుచరిత్రకు కృతిభర్త కృష్ణదేవరాయలు. కొలువుతీరిన ప్రభువుల మనసు రంజిల్లడానికి పుట్టిన శృంగార కావ్యాలవి. వాటిని మనం తలమీద పెట్టుకున్నాం, పెట్టుకోవలసినవే. కానీ ప్రభువు మెచ్చితే ప్రబంధం, ఆడపిల్ల మెచ్చితే కాలక్షేపం అనడం ఏ అలంకారశాస్త్రంలో ఉంది? యద్దనపూడి సులోచనారాణి గారి "సెక్రటరీ" చదివి రాజశేఖరం కోసం కలలుగన్న అమ్మాయిలను చూసి మేం పండితులం పళ్ళికిలించాం. రాజశేఖరం మాత్రం ఎవరు? కిరీటం లేని రాజకుమారుడు. కారు అతని రథం, బంగళా అతని కోట. మా ఊళ్ళో అద్దె పుస్తకాల దుకాణం ఆ నవలల మీదే బతికింది. సులోచనారాణి గారు 2018లో కాలం చేసినప్పుడు నాకు తెలిసిన గృహిణులు ఎందరో కంటతడి పెట్టారు. ఇంతకాలం ప్రబంధాలు పాఠం చెప్పిన నేను పోతే ఏ విద్యార్థిని ఏడుస్తుందో ఆలోచించుకోవలసిన మాటే.

నవల చదువుతూ నేనొక పని చేశాను. పాత అలవాటు చొప్పున అష్టాదశ వర్ణనలను లెక్కవేశాను. నగరవర్ణన ఉంది: లండను, వాషింగ్టను. ఉద్యానం ఉంది: శ్వేతసౌధపు తోటలో, మంచు కురిసే రాత్రి. విప్రలంభం ఉంది, నడుమ ఒక మహాసముద్రం అడ్డం. మంత్రాంగం, ప్రయాణం ఉన్నాయి. యుద్ధం స్థానంలో ఎన్నికలున్నాయి. వివాహం కూడా ఉంది, కాకపోతే అది అన్నగారిది. చివర నాయకాభ్యుదయం ఉంది. మన లక్షణకర్తలు చెప్పిన పట్టికలో ఈ నవలలో లేని ముఖ్యమైన అంశం ఒక్కటే: కుమారోదయం.

ఇక్కడే నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మన రాచప్రేమకథలు ఎందుకు సాగుతాయి? శకుంతలా దుష్యంతుల ప్రేమ భరతుడి కోసం. వరూధిని కథ తిరిగి తిరిగి స్వరోచి పుట్టుకకు, ఆపైన స్వారోచిష మనువుకు చేరాలి. ఎంతటి శృంగారమైనా చివరకు వంశవృక్షానికి నీరు పోయవలసిందే. రాజుగారి ప్రేమ రాజుగారిది కాదు, సింహాసనానిది. వారసుడు ఉదయించని ప్రేమను సింహాసనం ఏంచేస్తుంది? ప్రేమ సింహాసనం కోసమా, లేక ప్రేమ కోసమేనా? ఈ ప్రశ్న అడగాలంటే కుమారోదయానికి తావులేని ఒక జంటను రాజభవనంలో నిలబెట్టాలి. మెక్విస్టన్ ఆ పని చేశారు. ఇది కాలక్షేపమే కావచ్చు. ప్రశ్న మాత్రం కాలక్షేపపు ప్రశ్న కాదు.

రెండో ఆక్షేపణ అశ్లీలం. నవలలో శృంగారఘట్టాలున్నాయి, కొన్ని నేను త్వరత్వరగా పేజీ తిప్పినవే. కానీ మిత్రులారా, ఇదే మాటన్న మనవాళ్ళ చరిత్ర మనకు గుర్తుండాలి. తంజావూరు ప్రతాపసింహుడి కొలువులోని ముద్దుపళని రాసిన "రాధికాసాంత్వనం" చూసి కందుకూరి వీరేశలింగం పంతులు గారంతటివారు, వితంతు వివాహాలు జరిపించిన ధీరుడు, ఏవగించుకున్నారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఆ కావ్యాన్ని పూర్తి పాఠంతో అచ్చువేయిస్తే 1911లో తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1947 దాకా ఆగవలసి వచ్చింది. పురుషుడు రాస్తే శృంగార రసం, స్త్రీ రాస్తే అశ్లీలం! "శృంగార నైషధం" పేరులోనే శృంగారముంది. శ్రీనాథుణ్ణి మనం కవిసార్వభౌముడన్నాం. తరగతిలో ఆ పద్యాలు వచ్చినప్పుడు "ఇవి పరీక్షలో రావు" అని దాటించాం. దాటించడం మన హక్కు. అంతమాత్రాన రాసినవారికి శీలం లేదనడం మన హక్కు కాదు.

మూడో ఆక్షేపణ సంస్కృతి. ఈ మాట అనేవారిని నేనొకటి అడుగుతాను: ఈ నవలలో హెన్రీని కట్టిపడేసిన సంకెల ఏది? చట్టమా? ఇంగ్లండు, వేల్సులలో ఒకే లింగానికి చెందినవారి వివాహానికి 2013లో చట్టం చేశారు. 2014 మార్చి నుంచి ఆ పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి. అమెరికా సర్వోన్నత న్యాయస్థానం 2015 జూన్ 26న దేశమంతటా అంగీకరించింది. మన దేశంలో 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇటువంటి ప్రేమ నేరం కాదని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. వివాహపు హక్కును మాత్రం 2023 అక్టోబరులో గుర్తించలేదు. ఇంగ్లండులో సామాన్యుడికి తెరుచుకున్న తలుపు ఈ రాకుమారుడికి ఎందుకు మూసుకుపోయింది? అక్కడ వారసత్వ క్రమంలో మొదటి ఆరుగురు పెళ్ళాడాలంటే ఏలిక అనుమతి కావాలి. 2013 నాటి వారసత్వ చట్టంలో ఆ నియమముంది. కథలోని ఏలిక హెన్రీకి అమ్మమ్మ. ఆమె మాట ఒక్కటే: లోకం ఏమనుకుంటుంది?

ఈ మాట మనకు కొత్తదా? ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో శకుంతల కొడుకును వెంటబెట్టుకొని నిండు సభకు వచ్చినప్పుడు దుష్యంతుడు నిన్నెరుగనన్నాడు. కాళిదాసు నాటకంలోలా దుర్వాసుడి శాపం లేదు, పోయిన ఉంగరం లేదు. అతడికి అంతా గుర్తుంది. గుర్తుండే, లోకాపవాదానికి జడిసి ఎరుగనన్నాడు. ఆకాశవాణి పలికాక గానీ ఔనన్నాడు కాదు. హెన్రీని రాజభవనంవారు ఆడమన్న అబద్ధం సరిగ్గా అదే. ఇక్కడ ఆకాశవాణి పాత్రను బయట గుమికూడిన జనం పోషించారు. ఒక్కటే తేడా: దుష్యంతుడు అబద్ధమాడాడు, హెన్రీ ఆడలేదు. మరి మన సంస్కృతి చదివినవాళ్ళం ఎవరి పక్షం వహించాలి? నాకైతే నన్నయ గారే దారి చూపించారు. సభలో నిలబడి సత్యం ముందు వేయి అశ్వమేధాలు కూడా తూగవని చెప్పిన శకుంతల పక్షం.

నాలుగో ఆక్షేపణకు మాత్రం నేను తల వంచుతున్నాను. మా మిత్రుడన్నది నిజం. ఈ నవలలో ప్రజ లేదు. జనం ఉన్నారు, వీథిలో జెండాలు పట్టుకొని జయజయధ్వానాలు చేస్తారు. ఆ మేడల ఖర్చు ఎవరు భరిస్తున్నారన్న ఊసు మాత్రం కథను నడిపించదు. సామ్రాజ్యం చేసిన దోపిడీ మీద అక్కడక్కడ చురకలు వేశారు, కాదనను. కానీ చురక వేసి ముందుకు సాగిపోవడం వేరు, ఆగి చూడడం వేరు. మన కృష్ణాతీరంలోని కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకొనే కోహినూరు వజ్రం నేటికీ లండను దుర్గంలోనే ఉంది. 2023 మేలో జరిగిన పట్టాభిషేకంలో రాణిగారు దానిని ధరించలేదు. తిరిగి ఇచ్చిందీ లేదు. మనం 1971లో రాజ్యాంగాన్ని సవరించి మాజీ సంస్థానాధీశుల రాజభరణాలు రద్దు చేసుకున్నవాళ్ళం. రాజకుమారుడి దుఃఖానికి కన్నీరు పెట్టమంటే పెడతాం గానీ, ఆ కన్నీటిలో లెక్కల పుస్తకం కొట్టుకుపోకూడదు. 1936లో ఎనిమిదో ఎడ్వర్డు ప్రేమ కోసం సింహాసనం వదిలాడు. ఈ నవలలో సింహాసనమూ నిలబడుతుంది, ప్రేమా నిలబడుతుంది. అంత చౌకగా రెండూ దక్కడం నాకు నచ్చలేదు. రచయితను ఆక్షేపించదలిస్తే ఇక్కడ ఆక్షేపించండి. మన ప్రబంధాల్లో రైతు ఎక్కడున్నాడని కూడా అదే ఊపులో అడగండి.

ఇంతవరకూ వాదం. ఇక దీనిని ఎందుకు రాయవలసి వచ్చిందో చెప్పాలి.

నవలలో ఆ లేఖలు పత్రికలకెక్కిన ఘట్టం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సుమారు 1991లో నేనొక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పదో తరగతికి తెలుగు చెప్పేవాణ్ణి. ఒక కుర్రవాడు చక్కగా పద్యాలల్లేవాడు; గణాలు నేర్పింది నేనే. ఒకనాడు వాడి వ్యాసాల పుస్తకం దిద్దుతుంటే నడుమ ఒక మడత కాగితం దొరికింది. నాలుగు తేటగీతులు. పక్క తరగతిలోని తన స్నేహితుణ్ణి ఉద్దేశించి రాసుకున్నవి. వాటిలో ఉన్నది స్నేహం మాత్రమే కాదని ఏ పండితుడికైనా అర్థమవుతుంది. వీరు స్నేహితులేనని నేను సర్దుకొని ఉండవచ్చు. మడత పెట్టి పుస్తకంలోనే ఉంచి ఉండవచ్చు. నేనేం చేశానో తెలుసా? ముందు ఎర్రసిరాతో మూడో పద్యంలో యతి తప్పని గీత గీశాను. తరువాత ఆ కాగితాన్ని ఉపాధ్యాయుల గదికి తీసుకువెళ్ళి, రాగయుక్తంగా చదివి వినిపించాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రానికి ఊరంతా పాకింది. మరునాటి నుంచి వాడు బడికి రాలేదు. పబ్లిక్ పరీక్షల హాల్‌టిక్కెట్టు తీసుకోవడానికి కూడా ఎవరూ రాలేదు. అది ఆఫీసు బీరువాలో ఉండిపోయింది. ఆ తరువాత వాళ్ళ కుటుంబం ఊరు విడిచి వెళ్ళిపోయిందన్నారు. నేను ఆరా తీయలేదు.

అదే నెలలో అదే తరగతికి నేను రుక్మిణీకల్యాణం పాఠం చెప్పాను. విదర్భ రాకుమారి తన మనసులోని మాటను అగ్నిద్యోతనుడనే విప్రుడి చేతిలో పెట్టింది. ఆయన దారిలో నలుగురిని పోగుచేసి ఆ సందేశం వినిపించి నవ్వించలేదు. ఎవరికి చేరాలో వారికే చేర్చాడు. నలుడు ఇంకా గొప్పవాడు. తానే దమయంతిని వలచి ఉండీ, ఇంద్రాదుల దూతగా వెళ్ళి వారి మాటను వంచన లేకుండా విన్నవించాడు. దూతధర్మం గురించి ఆ రోజు నేను బహు చక్కగా వ్యాఖ్యానించినట్టు గుర్తు. తరగతిలో ఒక బల్ల ఖాళీగా ఉంది.

ముప్పై ఏళ్ళకు పైగా ఈ రెండు సంగతులు నా మనసులో వేరువేరు గదుల్లో కూర్చున్నాయి. వాటి నడుమ తలుపు తెరిచింది ఏ ప్రబంధమూ కాదు, ఏ శాస్త్రమూ కాదు. నా మేనకోడలు మరచిపోయిన "కాలక్షేపం నవల". ఆ కథలో లేఖలు దొంగిలించినవాళ్ళను చూసి నాకు కోపం వచ్చింది. వీళ్ళెంత నీచులనుకున్నాను. మరుక్షణం నా చేతిలో ఆ మడత కాగితం, ఎర్రసిరా కనిపించాయి. ప్రతినాయకుడు ఎవరో నాకు ఇంగ్లీషు నవల చెప్పవలసి వచ్చింది.

కాబట్టి, పండిత మిత్రులారా, నా మనవి చిన్నది. ఇటువంటి పుస్తకాన్ని తిట్టదలిస్తే చదివి తిట్టండి. శిల్పం పలచనగా ఉందనండి, రాణిగారి పాత్ర మరీ సులువుగా లొంగిపోయిందనండి, ప్రజ లేదనండి. నేను మీతో గొంతు కలుపుతాను. కానీ అట్ట చూసి, కథ విని, "మన పిల్లలకి ఇది తగదు" అని తీర్పు చెప్పకండి. ఆ పిల్లల్లో ఒకడు మీ ఎదుటి బల్ల మీదే కూర్చొని ఉండవచ్చు. వాడు రాసుకున్న కాగితం రేపు మీ చేతికే దొరకవచ్చు. దొరికితే మడత విప్పకుండా వాడికి ఇచ్చేయండి. విప్పి ఉంటే, ఛందస్సు బాగుందని చెప్పి ఇవ్వండి.

చివరగా ఒక సవరణ. ఆనాడు ఎర్రసిరాతో నేను తప్పని గీత గీసిన పాదం ఇప్పటికీ నాకు కంఠస్థంగా ఉంది. మొన్న ఛందోగ్రంథం తీసి సరిచూశాను. అది కొందరు లాక్షణికులు అంగీకరించిన అఖండయతి. పద్యంలో తప్పు లేదు నాయనా. తప్పు నాదే.

స్వస్తి.